నరహత్య చేయరాదన్న ఆజ్ఞ – పాలమూరులో దాని అర్థం

మోషే ధర్మశాస్త్రంలోని పది ఆజ్ఞలలో, హెబ్రీ మూలంలో రెండేసి మాటలతోనే ముగిసిపోయేవి మూడున్నాయి. నరహత్యను నిషేధించే ఆజ్ఞ వాటిలో మొదటిది. ప్రొటెస్టెంట్లు దీన్ని ఆరవ ఆజ్ఞ అంటారు. రోమన్ కథోలికులూ, లూథరన్లూ అయిదవదంటారు. లెక్క పెట్టే పద్ధతిలో తేడాయే తప్ప ఆజ్ఞ ఒక్కటే. రెండు మాటల ఆజ్ఞకు ఇన్ని పుటల వివరణ దేనికని విద్యార్థి మిత్రులకు అనిపించవచ్చు. "చంపగూడదని ఎవరికి తెల్వదు సార్? మేమేమన్న కత్తులు పట్టుకొని తిరుగుతున్నమా?" అని ఒక కుర్రవాడు నన్ను అడగనే అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. కత్తి పట్టనివాడికి యీ ఆజ్ఞతో పనేమిటి?

ఆ ప్రశ్న మన ప్రాంతంలో మరీ ముఖ్యం. ఎందుకంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తాలూకాలలో క్రైస్తవమనగానే జ్ఞాపకం వచ్చేది ఎం.బి. చర్చి, అనగా మెనొనైట్ బ్రదరన్ సంఘం. లోకంలోని క్రైస్తవ శాఖలన్నింటిలోనూ యీ ఒక్క ఆజ్ఞ కోసం ఇల్లూ వాకిలీ వదిలి దేశాలు పట్టిపోయిన కొద్ది శాఖలలో అది ఒకటి. ఆ సంగతి మన సంఘాల్లో ప్రతి ఆదివారం బెంచీల మీద కూర్చునేవారిలో చాలామందికి తెలియదు.

ముందు మాటను చూద్దాం. ఆజ్ఞలో వాడిన హెబ్రీ క్రియ 'రాత్సాహ్'. చంపడమనే సామాన్యార్థానికి హెబ్రీలో వేరే మాటలున్నాయి. యుద్ధంలో చంపడానికీ, పశువును కోయడానికీ యీ మాట వాడరు. అందుచేత తెలుగు అనువాదకులు ఉత్త 'చంపకు' అనకుండా 'నరహత్య' అనే మాటను ఎంచుకోవడం సరయిన పనే. మన అహింస వేరు, యిది వేరు. జడ్చర్ల దగ్గర ఆల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి అనే ఇటుకల జైనాలయం వుంది. క్రైస్తవం పాలమూరుకు రావడానికి వెయ్యేళ్లకు మునుపే చీమనైనా చంపరాదన్న ధర్మాన్ని యీ నేల విన్నదన్నమాట. ఆరవ ఆజ్ఞ అంతదూరం పోదు. క్రిస్మసుకు మన వాడల్లో ఎన్ని మేకలు తెగుతాయో అందరికీ ఎరుకే, దానికి పాస్టరుగారి అభ్యంతరమూ లేదు!

అయితే యీ మాటకు యింకో వైపు వుంది. తెలిసి చేసిన హత్యకే కాదు, తెలియక చేసిన దానికీ ధర్మశాస్త్రం యిదే క్రియను వాడుతుంది. ద్వితీయోపదేశకాండంలో ఒక ఉదాహరణ వుంది. ఇద్దరు అడవికి కట్టెలకు పోతారు. ఒకడు గొడ్డలి ఎత్తగా కామనుంచి ఇనుము ఊడి రెండోవాడికి తగిలి చస్తాడు. కొట్టినవాడికి పగ లేదు. అయినా అతణ్ణీ యిదే మాటతో పిలిచి, చచ్చినవాడి బంధువు పగబట్టి తరమకుండా పారిపోవడానికి ఆరు ఆశ్రయపురాలను ఏర్పరచారు. కావాలని చంపినవాడికి అక్కడ చోటులేదు. నేటి మన చట్టంలో కూడా హత్యకు ఒక సెక్షను, నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణానికి వేరొక సెక్షను వున్నాయి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 103, 106. ఉద్దేశం లేనంత మాత్రాన ఆ చావు లెక్కలోంచి పోదు. యీ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక మెనొనైట్ల కథ. 1525లో స్విట్జర్లాండులోని జూరిక్ పట్టణంలో కొందరు, పసితనంలో యిచ్చిన బాప్తిస్మం చెల్లదనీ, క్రైస్తవుడు ఖడ్గం పట్టరాదనీ అన్నారు. అటు కథోలికులూ, ఇటు సంస్కరణవాదులూ కూడా వాళ్లను వేటాడారు. హాలండులో మెన్నో సైమన్స్ అనే కథోలిక గురువు 1536లో తన పదవి వదులుకొని వీళ్లలో చేరాడు. మెనొనైట్ అనే పేరు ఆయన పేరునుంచే. వీళ్లలో డర్క్ విల్లెమ్స్ అనే మనిషి వుండేవాడు. 1569లో ఆస్పెరెన్ అనే ఊళ్లో చెరనుంచి తప్పించుకొని, గడ్డకట్టిన చెరువు మీదుగా పరుగెత్తాడు. జైలు తిండితో చిక్కిపోయాడు గనుక మంచు ఆయన్ని మోసింది. తరిమి వస్తున్న భటుడి కింద మాత్రం విరిగింది. భటుడు నీళ్లలో మునిగిపోతూ కేకలు పెట్టాడు. విల్లెమ్స్ వెనక్కి తిరిగి వచ్చి వాణ్ణి పైకి లాగాడు. గట్టుమీదున్న అధికారి పట్టుకొమ్మని గద్దించాడు, పట్టుకున్నారు. ఆ మే నెలలో విల్లెమ్స్‌ను సజీవంగా కాల్చారు. ఆయన్ని వదిలేశారనో, భటుడు మారిపోయి ఎదురు తిరిగాడనో కథ చెబుతుందని మనం ఎదురుచూస్తాం, కాని అలా చెప్పదు. చంపరాదనడానికి మెనొనైట్లు యిచ్చుకున్న అర్థం యిదీ: నీ చేతితో చంపకపోవడమే కాదు, నిన్ను చంపడానికి వచ్చినవాడు చస్తుంటే చూస్తూ ఊరుకోగూడదు.

ఆ తర్వాత వాళ్లు ప్రష్యాకు, అక్కణ్ణుంచి 1780ల చివర రష్యా సామ్రాజ్యంలోని దక్షిణ ఉక్రెయిన్ మైదానాలకు పోయారు. సైన్యంలోకి పిలవబోమని కేథరిన్ రాణి మాటిచ్చింది. మెనొనైట్ బ్రదరన్ శాఖ 1860 జనవరిలో పుట్టింది అక్కడే. 1874లో జారు ప్రభుత్వం అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేసేసరికి దాదాపు 18 వేలమంది పొలాలమ్ముకొని అమెరికా, కెనడాలకు ఓడలెక్కారు. మిగిలినవారు తుపాకికి బదులు ప్రభుత్వ అడవుల్లో చెట్లు పెంచే పనికి ఒప్పుకున్నారు.

రష్యాలో మిగిలిన ఆ శాఖనుంచే అబ్రహాం ఫ్రీసెన్ 1889లో బయలుదేరి నల్లగొండకు వచ్చి బాప్టిస్టులతో కలిసి పనిచేశాడు. అమెరికాకు వలసపోయిన వారినుంచి 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు హైదరాబాదు వచ్చారు. 1904లో వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్ కేంద్రానికి పునాది వేసి దశాబ్దాలు అక్కడే గడిపాడు. సంస్థాన పట్టణమైన వనపర్తిలో ఆ తర్వాత పని మొదలైంది. గద్వాల కథ వేరు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ నడిగడ్డలో ముందు పనిచేసింది అమెరికన్ బాప్టిస్టులు. 1937లో మహబూబ్‌నగర్‌తో పాటు గద్వాలను కూడా వాళ్లు మెనొనైట్ బ్రదరన్ మిషనుకు అప్పగించారు. యుద్ధం చేయడం పాపమని బాప్టిస్టులు సాధారణంగా చెప్పరు. కాబట్టి గద్వాల విశ్వాసులు ఒక్క తరంలోనే, యీ ఆజ్ఞకు రెండు రకాల అర్థం చెప్పే ఇద్దరు దొరసానుల దగ్గర ఒకే బైబిలు చదువుకొని వుంటారు.

మెనొనైట్లను మరీ ఆకాశానికి ఎత్తడం నాకిష్టం లేదు. 1918, 19 సంవత్సరాలలో రష్యాలో అంతర్యుద్ధం చెలరేగి, మఖ్నో దళాలు వాళ్ల పల్లెలమీద పడి దోచి చంపుతుండగా, దాదాపు నాలుగు వందల ఏళ్ల బోధను పక్కనబెట్టి అక్కడి యువకులు కొందరు తుపాకులు పట్టారు. ఎవరి మనస్సాక్షి వారిదని పెద్దలు 1918 సభలో వదిలేశారు. పల్లెలు దక్కలేదు. తుపాకి పట్టడం తప్పేనని ఆ తర్వాత వాళ్ల సంఘాలే చెప్పుకున్నాయి. మన మిషనరీలు నాగర్‌కర్నూల్‌లో వాక్యం చెబుతున్న రోజుల్లోనే వాళ్ల చుట్టాల ఊళ్లల్లో యిది జరిగింది. ఆజ్ఞ ఎంత కఠినమో తెలిసినవాళ్లే మనకు దాన్ని నేర్పారు.

మరి మనకు ఏమి అందింది? నేను గమనించినంతలో, తుపాకి పట్టరాదన్న బోధ మన పల్లెల్లో వేరు పట్టలేదు. మనదేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. ఎవరూ పిలవని యుద్ధానికి పోనని చెప్పడంలో విశేషమేముంది? పైగా మిలటరీ ఉద్యోగమంటే మన వాడల్లో తిండికీ, గౌరవానికీ దారి. మిలటరీకి పోయిన బిడ్డకోసం ఆదివారం ప్రార్థన చేస్తారేగాని, ఎందుకు పోయినవని అడగగా నేను వినలేదు. అడగవలసిందని కూడా నేననను.

అసలు చిక్కు అంతకన్నా లోతులో వుంది. పాలమూరులో యీ సంఘంలో చేరినవారు అధికభాగం మాల, మాదిగ వాడలవారు. కీడుచేసేవాణ్ణి ఎదిరించవద్దు, ఒక చెంపకొడితే రెండోది చూపు అన్న క్రీస్తు బోధ, సొంత పొలాలూ సొంత పల్లెలూ వున్న జర్మన్ రైతుకు ఒక అర్థమిస్తుంది. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచినవాడికి మరొక అర్థమిస్తుంది. వాడు పుట్టినప్పటినుంచీ రెండు చెంపలూ చూపుతూనే వున్నాడు! యీ బోధను వాడికి ఊరికే అప్పజెబితే అది సువార్త కాదు, వెట్టికి ఇంకో పేరు.

వాల్టర్ వింక్ అనే అమెరికన్ బైబిలు పండితుడు చెప్పిన వివరణ ఒకటి యిక్కడ పనికొస్తుంది. పండితులందరూ దాన్ని ఒప్పుకోరు, నాకు మాత్రం నచ్చింది. మత్తయి సువార్త కుడిచెంప అని ప్రత్యేకంగా చెబుతుంది. ఎదురుగా నిలబడి కుడిచేత్తో కొడితే దెబ్బ ఎడమచెంప మీద పడాలి. కుడిచెంప మీద పడాలంటే చేతిని వెనక్కి తిప్పి, మోచేతి విసురుతో కొట్టాలి. అది పోట్లాటలో కొట్టేది కాదు, యజమాని బానిసను అవమానించడానికి కొట్టేది. ఎడమచెంప చూపడమంటే, కొడితే సాటిమనిషిని కొట్టినట్టు కొట్టు, బానిసను కొట్టినట్టు కొట్టనివ్వను అని నిలబడడం. లొంగుబాటుకూ, తిరిగి చంపడానికీ నడుమ మూడోదారి వుందన్నమాట.

ఆ మూడోదారి ఎలా వుంటుందో తెలుగునాట చూపమంటే నేను అప్పటి గుంటూరు జిల్లా చుండూరును చూపుతాను. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను నరికి, గోనెసంచుల్లో కట్టి కాలువలో పడేశారు. ఆ వాడలో క్రైస్తవులే ఎక్కువ. బాధితులు శవాలను ఊరి నడిబొడ్డున పాతిపెట్టి, ఆ చోటును రక్తక్షేత్రమన్నారు. గొడ్డలికి గొడ్డలి ఎత్తలేదు. మా ఊళ్లోనే కోర్టు పెట్టండని కొట్లాడి పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. అప్పుడు కూడా వాళ్లు గొడ్డలి జోలికి పోక సుప్రీంకోర్టు మెట్లెక్కారు. పాతకాలపు మెనొనైట్లు కోర్టుకెక్కడమే క్రైస్తవుడికి తగదనేవారు. ఆ మాట మనకు వర్తించదని నా అభిప్రాయం. భూమీ, బలగమూ లేనివాడికి గొడ్డలికి బదులుగా వున్నది కోర్టు ఒక్కటే. దాన్ని కూడా తగదంటే యిక మిగిలేది గొడ్డలో, వెట్టో.

అదే కొండమీది ప్రసంగంలో క్రీస్తు యీ ఆజ్ఞను నోటిదాకా తెచ్చాడు. సోదరుణ్ణి అకారణంగా కోపగించేవాడూ, తృణీకరించి తిట్టేవాడూ కూడా తీర్పుకు లోనవుతాడన్నాడు. అతిశయోక్తి అని మనం దాటేసే చోటు యిది. కాని మన ఊళ్లలో చంపడానికి ముందు జరిగేదేమిటో ఆలోచించండి. ముందు ఆ మనిషికి ఒక పేరు పెడతారు. బాణామతి చేస్తదనో, చేతబడి చేస్తడనో ఒక ముసలమ్మకో, ముసలాయనకో పేరు పడితే, ఆ పేరే వాళ్లను సగం చంపుతుంది, మిగతా సగానికి రాళ్లు చాలు. కులం పేరుతో తిట్టడమూ అంతే. దాన్ని 1989 చట్టం నేరం చేసింది. తిట్టుకూ హత్యకూ మధ్య దారి ఎంత పొట్టిదో చుండూరువారిని అడగక్కరలేకుండానే తెలుస్తుంది. సంఘ ఎన్నికలు వచ్చినప్పుడు మాలలు, మాదిగలు అని మనలో మనం అనుకునే మాటలను కూడా యీ లెక్కలో వేయాల్సిందే.

కళాశాల సంచిక గనుక ఆత్మహత్య గురించి కూడా రెండు మాటలు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత రాష్ట్రంలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. నరుడంటే తాను కూడా గనుక ఆజ్ఞ తనకూ వర్తిస్తుందని అయిదవ శతాబ్దంలోనే అగస్టీను వాదించాడు. ఆ వాదన పట్టుకొని సంఘాలు చాలాకాలం శవాలకు సమాధిస్థలం నిరాకరించాయి. అది ఆజ్ఞను చచ్చినవాడిమీద ప్రయోగించడం. బతికివున్నవాడి పక్కన, మార్కుల జాబితా వచ్చిన ఆ రాత్రి కూర్చోవడానికి యీ ఆజ్ఞ ఎవరినైనా లేపిందా? ఫెయిలైన స్నేహితుడి గది తలుపు తట్టిరండి, వాణ్ణి ఒంటరిగా వదలకండి, యింట్లోవాళ్లకో లెక్చరర్‌కో చెప్పండి. వ్యాఖ్యానాలు ఆ తర్వాత చదువుకోవచ్చు.

ఉరిశిక్ష సంగతి మరీ తెగనిది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, ఒక దళిత క్రైస్తవ యువకుణ్ణి గర్భవతియైన భార్య కళ్లముందే నరికించారు. కులం తక్కువవాణ్ణి పెళ్లిచేసుకుందన్నదే కారణం. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు, నరికినవాడికి ఉరి, మరి ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ రోజు మన సంఘాల్లో సంతోషించినవారిని నేనెరుగుదును, వాళ్లను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. మనిషి రక్తం చిందించినవాడి రక్తం మనిషిచేతనే చిందుతుందన్న మాట ఆదికాండంలో వుంది. కాని అదే ఆదికాండంలో లోకంలోని మొదటి హంతకుడైన కయీనును ఎవరూ చంపకుండా దేవుడే గుర్తువేసి కాపాడాడు. మెనొనైట్లలో చాలామంది ఉరిని ఒప్పుకోరు. మిర్యాలగూడ హత్యకు నెలరోజుల ముందు, 2018 ఆగస్టులో, పోపు ఫ్రాన్సిస్ కూడా మరణశిక్ష అంగీకరించరానిదని కథోలిక బోధను సవరించాడు. శిక్ష పడాలి, పడింది, అది మన ప్రాంత చరిత్రలో పెద్ద విషయం. అయితే ఉరితాడు మనకోసమే పేనారన్నట్టు చప్పట్లు కొట్టకుండా వుండగలమా అన్నది, విల్లెమ్స్ కథ విన్నవాళ్లకు తప్పించుకోరాని ప్రశ్న.

ఇంతవరకూ చేయకూడనివే చెప్పాను. చేయవలసినది కూడా ఆజ్ఞలోనే వుందని చెప్పినవాడు మార్టిన్ లూథరు. 1529 నాటి ఆయన చిన్న ప్రశ్నోత్తరి గుంటూరు వైపు లూథరన్ పిల్లలకు కంఠస్థం. పొరుగువాడి దేహానికి కలిగే ప్రతి ఆపదలోనూ సాయపడడమే యీ ఆజ్ఞను పాటించడమని అందులో వివరణ. మన మిషను చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది యిదే. 1907లో వచ్చిన డాక్టర్ కాతరీనా షెల్లెన్‌బర్గ్ పెళ్లి చేసుకోకుండా, చివరికి షంషాబాదు ఆసుపత్రిలో రోగుల మధ్యనే 1945లో కన్నుమూసింది. 1950ల మొదట్లో జడ్చర్లలో పెట్టిన ఆసుపత్రికి మన మూడు తాలూకాలనుంచీ బండ్లు కట్టుకొని పోయేవారు. యుద్ధం గురించి పాలమూరుకు చెప్పలేని దాన్ని వాళ్లు కాన్పుల గదిలో చెప్పారు.

ధర్మశాస్త్రం యింకా చిన్న సంగతికి దిగుతుంది. కొత్త యిల్లు కట్టుకుంటే మిద్దెకు పిట్టగోడ కట్టమంటుంది. ఎవడైనా జారిపడి చస్తే ఆ రక్తం నీ యింటిమీదికి వస్తుందట. నాకు బైబిలు మొత్తంలో యీ ఆజ్ఞకు యింతకన్నా మంచి వ్యాఖ్యానం కనబడలేదు. మన మెట్టపొలాల్లో గట్టులేని దిగుడుబావులెన్ని? నీళ్లుపడక వదిలేసిన బోరుగుంతలెన్ని? బోరు వేసేచోట కంచె కట్టాలనీ, వదిలేసినదాన్ని అడుగునుంచి పైదాకా పూడ్చాలనీ సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. పొలంలో మూతలేని బోరు పెట్టుకొని ఆదివారం ముందు బెంచీలో కూర్చున్న రైతుకు ఆరవ ఆజ్ఞ ఎవరో కత్తులవాళ్లకు సంబంధించినదిగానే తోస్తుంది.

పాలమూరు కూలీ మట్టి మోయని ఆనకట్ట దేశంలో తక్కువ. ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో వలసపోయి తిరిగిరానివాళ్ల పేర్లు మన వాడల్లో వున్నాయి. అలాంటిది 2025 ఫిబ్రవరి 22న మన నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్‌లనుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లు. వారాల తరబడి వెదికితే దొరికింది రెండు మృతదేహాలు. తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. ఎవరూ వాళ్లను చంపదలచలేదన్నది మాత్రం నిజమే, కామనుంచి ఊడిన గొడ్డలి వంటిదే.

దీనికి కూడా ద్వితీయోపదేశకాండంలో ఒక విధి వుంది. పొలంలో శవం దొరికి, చంపినవాడెవడో తెలియకపోతే ఏంచేయాలి? పెద్దలూ న్యాయాధిపతులూ వచ్చి శవమున్న చోటినుంచి చుట్టుపక్కల ఊళ్లకు దూరం కొలవాలి. ఏ ఊరు దగ్గరయితే ఆ ఊరి పెద్దలు ఏరుపారే లోయకు దిగి, ఒక పెయ్యను తెచ్చి, చేతులు కడుక్కొని, యీ రక్తం మేం చిందించలేదనీ, మా కళ్లు చూడలేదనీ అందరిముందూ చెప్పాలి. చచ్చినవాడు ఆ ఊరివాడా, పరాయివాడా అన్న ప్రశ్న ఆ విధిలో లేదు. దూరం కొలవమని మాత్రమే వుంది. దోమలపెంటనుంచి కొలుచుకుంటూ వస్తే ముందు అమ్రాబాద్, తర్వాత అచ్చంపేట, ఆ తర్వాత నాగర్‌కర్నూల్.